పటంలో చేతులు

మదనపల్లెలో పటాలు గీసే నా దగ్గరికి పుంగనూరు, కుప్పం నుంచి కూడా జనం వస్తుంటారు. చేతిలో పాస్‌పోర్టు ఫోటోనో, రేషన్ కార్డులోని మసక బొమ్మో ఉంటుంది. "అమ్మకు కుంకుమ పెద్దదిగా పెట్టండి సార్, వెనక వెంకన్నను వేయండి" అంటారు. వేస్తాను. కానీ నా మటుకు మనిషి భక్తి తెలిసేది చేతుల్లో. ఆ ఫోటోల్లో చేతులే ఉండవు.

రష్యా చిత్రకారులు ఈ సంగతి బాగా పట్టుకున్నారు. 1872లో క్రామ్‌స్కోయ్ ‘ఎడారిలో క్రీస్తు’ గీశాడు. తల చుట్టూ కాంతివలయం లేదు. తెల్లారుతుండగా రాతిమీద కూర్చున్న అలసిన మనిషి, ఒడిలో బిగుసుకుపోయిన రెండు చేతుల వేళ్లు, అంతే. అదే ఏడాది పెరోవ్, మాస్కో వర్తకుడు త్రెత్యాకోవ్ కోరిక మీద రచయిత దొస్తయేవ్‌స్కీ పటం గీశాడు. వెనక చీకటి, ఒంటిమీద మామూలు కోటు. శిలువ లేదు. మోకాలి చుట్టూ మాత్రం అవే పెనవేసిన వేళ్లు! సైబీరియా జైల్లో నాలుగేళ్లు బైబిలు కొత్త నిబంధన దగ్గర పెట్టుకుని గడిపిన మనిషికి ఇంకో గుర్తు ఎందుకు?

మన తిరుమలలో మహాద్వారం దాటగానే కుడిపక్క కృష్ణదేవరాయలు, ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి నిలబడి ఉంటారు. రాయలు బతికుండగానే, 1517లో పెట్టించిన విగ్రహాలు. లైన్లో వెళ్లేవాళ్ల కళ్లు పొడవాటి కుళ్లాయి మీద పడతాయి. నేను చేతులే చూస్తాను. అంతటి రాజు చేతిలో కత్తి లేదు, దండం పెట్టి ఉన్నాడు. ఆ రష్యా పటాల్లో వేళ్లు ఒకదానితో ఒకటి పెనుగులాడుతుంటే, ఇక్కడ ఏ వేలూ దేన్నీ పట్టుకోదు. నాకు రెండూ భక్తిగానే కనిపిస్తాయి.

గీయడానికి దండమే కష్టం. పెనవేసిన వేళ్లకు నీడలు సాయం చేస్తాయి. అరచేతులు అతికించినట్టు గీస్తే చెక్కముక్కల్లా ఉంటాయి. మధ్యన కాస్త గాలి ఆడాలి, బొటనవేళ్లు కొంచెం ముందుకు రావాలి.

మొన్న అమ్మ పటం కోసం వచ్చిన పుంగనూరాయన్ని అడిగాను, "మీ అమ్మ దేవుడి ముందర చేతులు ఎట్లా పెట్టుకునేదప్పా?" అని. కాసేపు ఆలోచించి, "దండం పెట్టేది తక్కువ సార్. కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడేది" అన్నాడు. అట్లాగే గీశాను. అడిగిన కుంకుమా పెట్టాను, వెనక స్వామినీ వేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఆ ప్రశ్నే అడుగుతున్నాను. నడుము దాకా గీయాలంటే కాగితం పెద్దదవుతుంది. ధర మాత్రం పెంచలేదు.