తొలి కథ యేది? : యథార్థమును, అభిప్రాయమును

నేను పాఠశాలలో తెలుగు చెప్పుచున్న యీ పదునెనిమిది సంవత్సరములలో ప్రతియేటను విద్యార్థులచే వల్లె వేయించిన వాక్యమొకటి కలదు: తెలుగున మొదటి కథ గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’. పరీక్షలో దీనికొక మార్కు. నిరుడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, “ఇది మీకెట్లు తెలిసినది, మాస్టారూ?” అని యడిగినది. పుస్తకములో నున్నదంటిని. “పుస్తకము వ్రాసినవారికెట్లు తెలిసినది?” అని మరల నడిగినది. నేను కూర్చుండుమంటిని. ప్రశ్న యడిగినవారిని కూర్చుండబెట్టుట ప్రత్యుత్తరము కాదని యింటికి వచ్చిన పిమ్మటగాని నాకు తోచలేదు.

ఆ రాత్రి యా వాక్యమును విప్పి చూచితిని. చూపునకు ఒక్కటిగా నున్న యా వాక్యమున వేరువేరు జాతుల మాటలు మూడు కలిసియున్నవి. ‘దిద్దుబాటు’ను అప్పారావుగారు వ్రాసిరనియు, అది 1910వ సంవత్సరము ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’ పత్రికయందు ప్రకటితమైనదనియు చెప్పుట యథార్థకథనము. సందేహించువారు సంచికను తెరచి చూచుకొనవచ్చును. అది ‘కథ’ యనుట నిర్వచనమునకు సంబంధించినది. కథయన నేమో ముందు నిశ్చయించుకొననిదే యా మాట నిలువదు. ‘మొదటిది’ యనుట మరింత సాహసము. ఏలన, అట్లనువాడు అంతకు పూర్వపు పత్రికలన్నియు వెదకితిననియు, అందెచ్చటను కథ కానరాలేదనియు చెప్పినవాడగుచున్నాడు. మనలో నెందరు వెదకితిమి?

వెదకినవారికి కనబడినది. భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించి 1905లో, ముప్పదియొకటవ యేట, కీర్తిశేషులైరి. స్త్రీల చరిత్రములను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా కూర్చిన విదుషీమణి యామె. ఆమె కథ ‘ధనత్రయోదశి’ 1902 నవంబరులో ‘హిందూ సుందరి’ పత్రికయందు వెలువడినది. అనగా ‘దిద్దుబాటు’కంటె ఏడేండ్లకు పైగా ముందు. పేదయింట పండుగవేళ భర్త మనస్సు పరధనముమీదికి పోగా, భార్య యతనిని న్యాయమార్గమునకు మరల్చుట యందలి వస్తువు. ‘దిద్దుబాటు’లోను వేశ్యల పాటకచేరీలకు తిరుగు భర్తను దిద్దునది భార్యయే. ఈ పోలిక నాకు కనబడినది. దీనిని నా యభిప్రాయముగానే చదువరులు గ్రహింతురు గాక.

ఇక ‘దిద్దుబాటు’ పక్షమువారి వాదము త్రోసివేయదగినది కాదు. అది వ్యావహారిక భాషలో నడచినది. ఉపోద్ఘాతము లేక తలుపు తట్టుటతోనే యారంభమగును. నీతిని ఉపన్యసింపక హాస్యముచేత సాధించును. కావున నిజమైన యాధునిక కథ యదియే యని వారందురు. శిల్పమున నది మిన్నయని నేనును తలతును. కాని మిన్న యగుట వేరు, మున్ను పుట్టుట వేరు. మేలైనదానిని మొదటిదనుటచే, తూచవలసిన విషయమును తేదీవలె చూపితిమి. తేదీని చూచి యెవ్వరును వాదింపరు గదా! కనుకనే యా వాక్యము బడి పుస్తకములలో నిర్విచారముగా సాగినది. ఒక స్త్రీ చేసిన పని నా తరగతిగదిలోనికి పదునెనిమిదేండ్లు రానేలేదు. ఈ నష్టము చిన్నది కాదు.

అంతమాత్రమున ‘తొలి కథ ధనత్రయోదశియే’ యని బల్లపై వ్రాసి మరల వల్లె వేయించినచో, నేను పేరు మార్చితిని గాని తప్పు దిద్దుకొనలేదు. అంతకు పూర్వపుది రేపు మరియొకటి దొరకవచ్చును. ఎన్నడును మారని వాక్య మిది: 1902లో వెలువడిన ‘ధనత్రయోదశి’, 1910లో వెలువడిన ‘దిద్దుబాటు’కంటె పూర్వపుది. తక్కినది కారణములు చూపి వాదించుకొనవలసిన విషయము.

మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములను నాలుగుగా విభజించిరి. ఆప్తుని వాక్యము శబ్దప్రమాణము. ఆప్తుడు తాను తెలిసికొన్నదానిని చెప్పునప్పుడు ప్రమాణమగును గాని, తనకు నచ్చినదానిని చెప్పునప్పుడు గాదు. అచ్చుపుస్తకమును మన మాప్తుని పీఠముపై కూర్చుండబెట్టి యీ భేదమును మరచితిమి. యథార్థకథన మన సత్యమైనదే యనియు, అభిప్రాయ మన విలువలేనిదే యనియు తలపరాదు. యథార్థమని చెప్పినది తప్పు కావచ్చును. కాని దానిని పరీక్షించుటకు దారి కలదు. అభిప్రాయము మిక్కిలి విలువైనది కావచ్చును. కాని దానికి హేతువులు కావలయును. ‘నాకట్లు తోచినది’ యనుట హేతువు కాదు.

గృహములయందును ఈ వివేక మావశ్యకము. వితంతు పునర్వివాహమును 1856లో చట్టము సమ్మతించినది. రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు 1881 డిసెంబరులో అట్టి వివాహమును జరిపించిరి. ఇవి యథార్థములు. ఆ వివాదమున, శాస్త్రగ్రంథమున నేమి యున్నదనునది యొక ప్రశ్న. దాని కర్థమేమనునది రెండవది. దాని ననుసరింపవలయునా యనునది మూడవది. మూడింటిని కలిపి ‘శాస్త్రము ఒప్పదు’ అను నొక్కమాటతో పెద్దలు నోరు మూయించినప్పుడు, బాధపడినది యింటి మూలనున్న బాలవితంతువు.

వ్రాయువారికి నా విన్నపమొక్కటే. ‘ప్రకటితమైనది’ అని వ్రాసినచోట సంవత్సరమును, పత్రికపేరును చేర్పుడు. ‘గొప్పది’ అని వ్రాసినచోట ఏల గొప్పదో చెప్పుడు. ‘అందరెరిగినదే’ యను మాట కలమునకు వచ్చినప్పుడు ఒక్క నిమిషమాగి, ఎవరెరిగిరో ప్రశ్నించుకొనుడు.

మరునాడు తరగతిలో నా తప్పొప్పుకొని, రెండు కథలను చదివి వినిపించితిని. ఈ యేడు పరీక్షలో ప్రశ్నను మార్చితిని: ‘వీనిలో నేది ముందు వెలువడినది? మీకేది మేలని తోచినది, ఏల?’ ఆ బాలిక, “రెండవదానికి మార్కు లెట్లు వేయుదురు, మాస్టారూ?” అని యడిగినది. ఏ కథను మెచ్చినను సరే, ఆ కథలోనుండి కారణము చూపినవారికి వేయుదునంటిని. ఈసారి యామెను కూర్చుండుమనలేదు. తానే కూర్చుండి వ్రాసికొనసాగినది.