నల్ల అట్టలోని రికార్డు

మా మామయ్య పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక రికార్డు తెప్పించాడు. అట్ట అంతా నలుపు. ముందువైపు మనిషి బొమ్మ కూడా లేదు, ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే. ధర ఎంతో మామయ్య చెప్పలేదు. అత్తయ్య చెప్పింది, అదీ మూడుసార్లు.

ఆ రికార్డు పేరు 'బ్లాక్ మాంక్ టైమ్'. పాడినవాళ్ళు 'ది మాంక్స్'. మొదట 1966లో పశ్చిమ జర్మనీలో పాలిడోర్ కంపెనీ విడుదల చేసింది. మామయ్య కొన్నది అప్పటిది కాదు, 2009లో 'లైట్ ఇన్ ది ఆటిక్' అనే అమెరికా కంపెనీ మళ్ళీ వేసింది. పుస్తకాలకి పునర్ముద్రణ ఉన్నట్టు రికార్డులకి కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఈ వ్యాసం దాని గురించే. నాకు సంగీతం రాదు, అందుకని రాగం తాళం పేర్లు అడగకండి. విన్నది విన్నట్టు రాస్తాను.

ముందు వీళ్ళెవరో చెప్పాలి. ఐదుగురు అమెరికా సిపాయిలు. జర్మనీలో గెల్న్‌హాజెన్ అనే ఊళ్ళో వాళ్ళ దండు ఉండేది. అక్కడే ఖాళీ సమయంలో 'టార్కేస్' అనే పేరుతో అందరిలాగే మామూలు పాటలు వాయించేవారు. సైన్యంలో ఉద్యోగం అయిపోయాక ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోయారు. తరువాత ఇద్దరు జర్మన్ మేనేజర్లు వచ్చి వీళ్ళ అవతారమే మార్చేశారు. నల్ల బట్టలు, మెడలో టై బదులు తాడు, నడినెత్తి మీద మాత్రం గుండు. పాతకాలపు క్రైస్తవ సన్యాసుల వేషం అది. రికార్డుతో వచ్చిన పుస్తకంలో ఆ ఫోటో చూసి మా అమ్మమ్మ "మొక్కు సగమే తీర్చుకున్నారేమిటే?" అంది.

1960లలో ఇంగ్లండు, జర్మనీ కుర్రాళ్ళు వాయించిన ఈ రకం గుంపు పాటని బీట్ అంటారు. అమెరికాలో ఇలాంటి దాన్నే గరాజ్ రాక్ అంటారు. గరాజ్ అంటే కారు పెట్టుకునే షెడ్డు. ఇంట్లో గోల చెయ్యనివ్వకపోతే పిల్లలు షెడ్డులో సాధన చేసేవారు, ఆ పేరు అలా వచ్చింది. గొప్ప విద్వాంసులు కారు. వచ్చిన నాలుగు ముక్కలే గట్టిగా, నమ్మకంగా వాయిస్తారు. చాలామంది ఒకటి రెండు రికార్డులు చేసి మాయమైపోయారు.

ఇక పాటలు. మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదని ముందే ఒప్పుకుంటాను. పక్కింట్లో గోడకి మేకులు కొడుతున్నట్టు ఉంది. డ్రమ్ములు వాయించే రోజర్ జాన్‌స్టన్ తాళాల జోలికి పెద్దగా పోడు, చర్మపు డప్పులనే దబదబా బాదుతాడు. డేవ్ డే గిటారు వదిలేసి బాంజో పట్టుకున్నాడు. బాంజో అంటే గుండ్రని డప్పుకి తీగలు కట్టినట్టుండే వాద్యం. దాని లోపల మైకు పెట్టి వాయించాడు. అది రాగం పలకదు, ఇనప రేకు మీద చినుకులు పడ్డట్టు టకటకా కొడుతూనే ఉంటుంది. గ్యారీ బర్గర్ గిటారు స్పీకరు దగ్గరికి పోయి కావాలనే కీచుమనిపిస్తాడు. మన స్కూలు వార్షికోత్సవంలో మైకు అలా కూస్తే అందరూ చెవులు మూసుకుంటారు. వీళ్ళు దాన్ని పాటలో పెట్టేశారు.

రెండో రోజు, మూడో రోజు విన్నాక నాకు ఒక సంగతి అర్థమైంది. ఐదుగురూ కలిసి ఒక్క డప్పులా వాయిస్తున్నారు. ఎవరూ "నన్ను చూడు" అనరు. బాంజో కూడా డప్పే, ఆర్గను కూడా డప్పే, చివరికి గొంతు కూడా డప్పే. అది పట్టుకున్న తరువాత 'కాంప్లికేషన్' అనే పాట నేను వరసగా ఐదుసార్లు విన్నాను. మా వీధిలో ఆడినెల జాతరకి తప్పెట వాయించేవాళ్ళు ఇంటి ముందు నిలబడితే కాళ్ళు వాటంతట అవే కదులుతాయి చూడండి, అలా ఉంటుంది.

నాకు ఇంకో కారణంగా కూడా ఈ రికార్డు దగ్గరైంది. నేను తెలుగు మీడియం. ఇంగ్లీషు పాట పెడితే నాకు సగం మాటలు గాలిలో పోతాయి, క్లాసులో నవ్వుతారేమోనని పోనివ్వను, అర్థమైనట్టు తల ఊపుతాను. ఈ పాటల్లో మాత్రం ప్రతి మాటా అందింది. ఎందుకంటే మాటలు కొన్నే, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. వీళ్ళు రోజూ వాయించింది హాంబర్గ్‌లోని టాప్ టెన్ క్లబ్బులాంటి చోట్ల, ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చిన జర్మన్ పిల్లల ముందు. అలాంటివాళ్ళకి పొడుగు పద్యాలు ఏం పనికొస్తాయి? అందుకే 'షటప్', 'ఐ హేట్ యు' లాంటి పేర్లు. తెలివితక్కువ మాటలు అనుకోవచ్చు. నేను అనుకోను. భాష రానివాడి ముందు నిలబడి మాట్లాడేటప్పుడు ఏ మాట ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలియడం చిన్న విద్య కాదు.

'వి డూ వీ డూ' అని ఒక పాట ఉంది. మొదటి రెండు మాటలు ఇంగ్లీషు, తరువాతి రెండు జర్మన్. "మేమూ నీలాగే చేస్తాం" అన్నట్టు అర్థం. మామయ్య విడదీసి చెప్పగానే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మేము చాకలిపేటలో తెలుగు మాట్లాడుతూ మధ్యలో "సరి", "పోదుం" అంటాం. మా తెలుగు టీచరు వ్యాసంలో అవి కనిపిస్తే ఎర్ర సిరాతో చుడతారు. టీచర్ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఈ పాటని మాత్రం ఎర్ర సిరాతో చుట్టలేరు. రెండు భాషలూ కలిస్తేనే దానికి ఆ దరువు వచ్చింది.

అన్నీ బాగున్నాయని కాదు. 'డ్రంకెన్ మరియా' ఒక జోకు, రెండోసారికే పాతబడుతుంది. అబ్బాయిల మీదా అమ్మాయిల మీదా ఒక పాట ఉంది, అందులో అమ్మాయిలంటే ఎంచుకునే వస్తువులన్నట్టు ఉంటుంది. అది నాకు నచ్చలేదు, మామయ్య "అప్పటి కాలం అలాంటిదమ్మా" అన్నా నచ్చలేదు. మొదటి పాటలో మాత్రం వియత్నాం యుద్ధం గురించి మొహమాటం లేకుండా అరుస్తారు. నిన్నటిదాకా అదే సైన్యం బట్టలు తొడుక్కున్నవాళ్ళు 1965లో రికార్డింగు గదిలో నిలబడి అలా అన్నారంటే ధైర్యం కావాలి. ఆ రోజుల్లో ఈ రికార్డు అమెరికాలో విడుదలే కాలేదు. జర్మనీలోనూ పెద్దగా అమ్ముడుపోలేదు. 1967లో గుంపు విడిపోయింది. ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. తరువాత అక్కడక్కడా విన్నవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు, రికార్డు మళ్ళీ మళ్ళీ అచ్చయింది, 1999లో న్యూయార్కులో ఐదుగురూ మళ్ళీ కలిసి వాయించారు. అంటే ముప్పై ఏళ్ళు దాటాక.

మళ్ళీ వేసిన రికార్డు గురించి నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఇది క్లబ్బులో చెమటలు కక్కుతూ ఎగిరే పిల్లల కోసం చేసిన గోల. ఇప్పుడు దాన్ని మామయ్య మెత్తటి గుడ్డతో తుడిచి, అంచులు మాత్రమే పట్టుకుని, విని, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. "వేలిముద్ర పడుతుంది, ముట్టుకోకే" అంటాడు. పాటలేమో గోడ పగలగొట్టమంటున్నాయి, అట్టేమో గుడిలో విగ్రహంలా ఉంది. ఇంత ధర పెట్టి ఇంత అందంగా వేస్తే అది పిల్లల చేతికి ఎలా వస్తుంది? వింతేమిటంటే, ఇలా వెయ్యకపోతే అసలు నాదాకా వచ్చేదే కాదు. పాత ప్రతులు దొరకడం కష్టం, దొరికినా ఇంకా ఎక్కువ ధర. కాబట్టి ఫిర్యాదు చేస్తూనే దండం పెట్టాల్సి వస్తోంది.

మన దేశంలో కూడా ఇలాంటి గుంపులు ఉండేవట. సిమ్లా అనే సిగరెట్టు పేరు మీద 'సిమ్లా బీట్' పోటీలు పెట్టి, గెలిచినవాళ్ళ పాటలు 1970లో, 1971లో రికార్డులుగా తెచ్చారు. వాటిని కూడా తరువాత విదేశాల్లో మళ్ళీ వేశారు. మామయ్యకి అది దొరకలేదు.

అది విన్నప్పుడు అమ్మమ్మ ఒక మాట అంది, అక్కడి నుంచి నాకు ఈ రికార్డు మీద ఆలోచన మారిపోయింది. మా తాతయ్య మూర్ మార్కెట్టులో కొన్న నాటక పద్యాల రికార్డులు ఒక పెట్టె నిండా ఉండేవట. 2015 డిసెంబరు వానలకి ఇంట్లోకి నీళ్ళొచ్చి పెట్టె తడిసింది. అట్టలు ముద్దయిపోయాయి, బూజు పట్టింది. పాడైపోయాయనుకుని పాత సామాన్లవాడికి వేసేశారు. అప్పుడు నేను చిన్నపిల్లని, గోధుమరంగు నీళ్ళు తప్ప ఏమీ గుర్తులేదు. మామయ్య ఇది విని తల పట్టుకున్నాడు. "నీళ్ళకి పోయేది అట్ట అమ్మా, పాట కాదు. కడిగి ఆరబెడితే చాలావరకు మిగిలేవి" అన్నాడు. అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

నల్ల అట్ట రికార్డుని వెతికి, శుభ్రం చేసి, పుస్తకం రాసి, అట్ట మళ్ళీ అచ్చువేసినవాళ్ళు ఎక్కడో ఉన్నారు. తాతయ్య పెట్టెలో పాడినవాళ్ళ పేర్లు కూడా మాకు తెలియవు. పేరు తెలియకపోతే ఏమని వెతుకుతాం?

ఒక్కటి మిగిలింది. అటక మీద పంచాంగాల మధ్య దొరికింది, అంచు కొంచెం విరిగింది. కాగితం చీటీ సగం ఊడిపోయింది, తెలుగు అక్షరాలు రెండు మాత్రం కనిపిస్తున్నాయి. మామయ్య యంత్రం నిమిషానికి 33, 45 చుట్లే తిరుగుతుంది, దీనికి 78 కావాలి, ముల్లు కూడా వేరేది కావాలట. అయినా ఉండబట్టలేక 45లో ఒక్క నిమిషం పెట్టి చూశాం. ఎవరో బావిలో నుంచి మెల్లగా పద్యం ఎత్తుకున్నట్టు వినిపించింది. ముల్లు అరిగిపోతుందని మామయ్య వెంటనే ఆపేశాడు. 78లో తిరిగే పాత గ్రామఫోను మీ ఇంట్లో గానీ మీ బంధువుల ఇంట్లో గానీ పనిచేసే స్థితిలో ఉంటే దయచేసి నాకు చెప్పండి. పదో తరగతి, కిటికీ పక్క రెండో బెంచీ.