సి డ్రైవ్‌లో కంటికి కనపడని పనితనం

సి డ్రైవ్ నిండిపోయిందంటే మనకు తట్టే ఉపాయం ఒకటే, కొత్త ప్రోగ్రామ్‌ని డి డ్రైవ్‌లో వేసుకోవడం. చాలా ప్రోగ్రాములు కిక్కురుమనకుండా పనిచేస్తాయి. కొన్ని మాత్రం మొరాయిస్తాయి. అప్‌డేట్ ఎక్కదు, ప్లగిన్ తన ప్రోగ్రామ్ ఎక్కడుందో కనుక్కోలేదు. కోడ్ రాసినవాడు ఫోల్డర్ ఎక్కడని విండోస్‌ని అడక్కుండా, ‘సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్’ అని తానే గట్టిగా రాసేసుకోవడమే తరచూ దీనికి కారణం.

ఇంత బద్ధకపు కోడ్‌ని విండోస్ తయారుచేసినవాళ్లు ఎంత ఓపికగా మోశారో చూస్తే ముచ్చటేస్తుంది. విస్టాలో ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ ఫోల్డర్ పోయి ‘యూజర్స్’ వచ్చింది. పాత పేరు తప్ప మరోటి తెలియని ప్రోగ్రాముల కోసం ఆ పేరుతోనే ఒక జంక్షన్, అంటే కొత్త ఫోల్డర్‌కి మళ్లించే దారి, వదిలారు. ఇల్లు మారినవాడు పోస్ట్‌మ్యాన్‌కి కొత్త అడ్రసు చెప్పి పెట్టినట్టు.

అసలు నైపుణ్యం ఆ జంక్షన్ పర్మిషన్లలో ఉంది. దానిమీద డబుల్ క్లిక్ చేస్తే ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది, అడ్మినిస్ట్రేటర్‌కైనా అంతే. ఇదేదో లోపమనుకుని పర్మిషన్లు మార్చేసేవాళ్లున్నారు. పాపం, బాగున్నదాన్ని చెడగొట్టుకోవడమే అది. అక్కడ అడ్డు పెట్టింది లోపలి జాబితా చూడటానికే. పాత దారిలోనే పూర్తి పేరుతో ఫలానా ఫైలు కావాలంటే నేరుగా యూజర్స్‌లోకి తీసుకెళ్తుంది. జాబితా కూడా తెరిచి ఉంచితే, ఫోల్డర్లన్నీ గాలించే బ్యాకప్ ప్రోగ్రామ్ ఒకే ఫైలుని రెండు దారుల్లో చూసి రెండుసార్లు కాపీ చేస్తుంది. యాప్‌డేటాలోని ‘లోకల్’ లోపల ‘అప్లికేషన్ డేటా’ అనే జంక్షన్ మళ్లీ ‘లోకల్’కే వస్తుంది. అందులో దిగిన బ్యాకప్‌కి గానుగెద్దు తిరుగుడే. ఈ రెండు గొడవలూ ఒక్క పర్మిషన్‌తో తీరిపోయాయి.

వర్చువల్‌స్టోర్ ఇంకా గడుసుది. ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్లలో చాలామంది అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌తోనే పనిచేసేవాళ్లు. ప్రోగ్రాములు కూడా సెట్టింగులు, సేవ్ చేసిన గేములు సొంత ఫోల్డర్‌లోనే రాసేసేవి. విస్టా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ రాతలకు తాళం వేసింది. కానీ పాత 32 బిట్ ప్రోగ్రామ్ అక్కడ రాయబోతే మొహంమీద ఎర్రర్ కొట్టదు. ఆ రాతని చప్పుడు చేయకుండా ఆ యూజర్ యాప్‌డేటాలోని వర్చువల్‌స్టోర్‌కి మళ్లిస్తుంది. మళ్లీ చదివేటప్పుడు అక్కడి కాపీనే చేతికిస్తుంది. తన ఫైలు ఎక్కడికి చేరిందో ఆ ప్రోగ్రామ్‌కే తెలియదు. 64 బిట్ ప్రోగ్రాములకీ, తమకు ఏ పర్మిషన్లు కావాలో మ్యానిఫెస్ట్‌లో చెప్పుకునే కొత్తవాటికీ ఈ గారాబం లేదు. అదీ మంచి నిర్ణయమే.

దీంతో ఒక తలనొప్పి లేకపోలేదు. మనం ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఐఎన్‌ఐ సెట్టింగుల ఫైలుని ఎంత దిద్దినా, ప్రోగ్రామ్ చదివేది వర్చువల్‌స్టోర్‌లోని పాత కాపీని. సంగతి తెలియనివాళ్లు ఫైలు మారట్లేదని జుట్టు పీక్కుంటారు.

డి డ్రైవ్‌లో మనం పెట్టుకున్న ఫోల్డర్‌కి ఈ మళ్లింపు వర్తించదు. అవసరమూ తక్కువే, మామూలుగా అక్కడ ఏ యూజరైనా రాయొచ్చు. పాత గేములకు మాడ్‌లు వేసుకునేవాళ్లు ఆ గేముల్ని ప్రోగ్రామ్ ఫైల్స్ బయట పెట్టేది ఇందుకే. అయితే యూజర్ రాయగలిగినచోట వైరస్ కూడా రాయగలదు. డి డ్రైవ్‌కి మారితే ప్రోగ్రామ్ ఫైల్స్ ఇచ్చే కాపలా పోతుంది.

కాబట్టి ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు ఆ ఒక్క ప్రోగ్రామ్‌కి వేరే ఫోల్డర్ ఎంచుకోండి, ఫర్వాలేదు. రిజిస్ట్రీలో ‘ప్రోగ్రామ్‌ఫైల్స్‌డిర్’ విలువ మార్చి మొత్తం ఫోల్డర్‌నే డి డ్రైవ్‌కి తరలించే చిట్కా జోలికి మాత్రం పోకండి. ఆ పద్ధతికి సపోర్ట్ లేదని మైక్రోసాఫ్టే రాసిపెట్టింది.