వరవిక్రయము: నాటకమును, టాకీయును

కాళ్ళకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకమును చిత్తజల్లు పుల్లయ్యగారు 1939లో టాకీగా తీసిరి. కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీవారు నిర్మాతలు. నాటకకర్త 1927లోనే గతించిరి. అంతకు ముందేడాది వచ్చిన 'మాలపిల్ల' సాంఘిక చిత్రములకు దారి చూపియుండెను గావున, కట్నముపై బొమ్మ తీయుట యొక్కటే గొప్పయని నేననను. నాటకమునందలి వేదన తెరమీద నేమైనదో చూడవలెను.

పురుషోత్తమరావు డిప్యూటీ కలెక్టరు పని చేసినవాడు, చదువుకొన్నవాడు, కట్నము దురాచారమని యెరిగినవాడు. ఎరిగియు పెద్దకూతురు కాళింది పెండ్లికై కట్నమిచ్చుట కొప్పుకొనును. కాళింది ప్రాణత్యాగము చేయును. చెల్లెలు కమల పెండ్లియాడి, పిమ్మట అత్తవారింటికి పోనని, సొమ్మిచ్చి కొన్న వరుడే తమ యింటికి రావలెనని తిరుగబడును.

పిసినారి సింగరాజు లింగరాజు పాత్రను బలిజేపల్లి లక్ష్మీకాంతముగారు ధరించిరి. వారు హరిశ్చంద్ర నాటకము వ్రాసిన కవి. మాట విరుపు తెలిసినవారు. ప్రేక్షకులకు నవ్వాగదు. కాని యీ నవ్వులో నొక మోసమున్నది. లింగరాజును చూచి నవ్వువా డెవ్వడును తానే లింగరాజు ననుకొనడు. నిన్న కొడుకునకు కట్నము పుచ్చుకొన్న పెద్దమనిషియు కడుపుబ్బ నవ్వి నిశ్చింతగా నింటికి పోవచ్చును.

నన్నడిగినచో అసలు ముద్దాయి పురుషోత్తమరావు. అతడు మన వంటి గృహస్థు. సంస్కరణసభలలో చప్పట్లు కొట్టి, ఇంటికి వచ్చి 'కాలమట్లున్నది, ఏమి చేయుదుము?' అనువారు మనలో కొద్దిమందియా? రంగస్థలముపై ఇట్టి పాత్రల బాధ పద్యములలో వెలువడును. పద్యము రక్తికట్టినచో జనము 'వన్స్‌మోర్' అందురు, నటుడు మరల నందుకొనును. రెండవసారికి దుఃఖము పోయి రాగమే మిగులును. తెరను వన్స్‌మోర్ అడుగువా రుండరు. పైగా ముఖమును దగ్గరగా చూపగల యంత్రము చేతనున్నది. ఐనను ఈ చిత్రము రంగస్థలపు ధోరణిని పూర్తిగా విడువలేకపోయినది.

విడిచినచోట మాత్రము నాటకమును మించినది. నాటకరంగమున స్త్రీవేషములు తరచుగా పురుషులే వేసిన రోజులవి. తెరమీద కాళిందిగా వచ్చినది భానుమతి. 1925లో పుట్టిన పిల్ల. ఆమె కిదే తొలిచిత్రము. 1930లో అమలులోనికి వచ్చిన శారదాచట్టము ఆడపిల్ల పెండ్లికి విధించిన కనిష్ఠవయస్సు పదునాలుగేండ్లు. నటి వయస్సును ఇంచుమించుగా నంతే. ఆమె త్యాగరాజకీర్తన పాడుచుండగా ఆ గొంతులోని నేర్పును మెచ్చుకొనుచునే, ఇంత పసిదానికా యీ బేరమని మనస్సు కలుక్కుమనును. ఎంత చక్కని పద్యమును ఈ పని చేయలేదు.

కమలగా పుష్పవల్లి చలాకీగా నటించినది. ఆ పాత్ర వాదము చమత్కారమైనది, న్యాయమైనది కూడ. కాని ఆ చప్పట్లలో అక్క చావు మరుగుపడును. కొనుగోలును ఒప్పుకొన్నగాని నిలువని వాదమది. 1961 నాటి వరకట్న నిషేధచట్టము ఇచ్చుటను, పుచ్చుకొనుటను రెంటిని నేరములుగా నెంచెను. మన టాకీలో పుచ్చుకొన్నవానికి బుద్ధి చెప్పబడును. ఇచ్చినవానిపై మనకు జాలియే మిగులును.