మందు, మంత్రము, వరము: రెండు మాయా కథలపై ఒక కాపరి పరిశీలన

తెలుగులో ‘మందు’ అనే మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. జ్వరానికి డాక్టరు వ్రాసిచ్చేది మందు. ప్రత్తిలో పురుగుకు కొట్టేదీ మందే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు పల్లెల్లో పరిచర్య చేసిన కాపరులకు ఇంకొక అర్థం కూడా తెలిసే ఉంటుంది. “మా పిల్లోనికి ఎవరో మందు పెట్టినారు అయ్యగారూ” అని తల్లులు వచ్చి చెబుతారు. పెట్టుడు మందు కక్కించే వారి వద్దకు వెళ్లి వచ్చి, ఆ తరువాత ప్రార్థనకు వచ్చే కుటుంబాలు మన సంఘాలలోనే ఉన్నాయి. గలతీ 5:20లో మన బైబిలు ‘అభిచారము’ అని తర్జుమా చేసిన గ్రీకు మాట ఫార్మకేయా కూడా ఇటువంటిదే. నేటి ఫార్మసీ అనే మాట ఆ కుదురులోనిదే.

మందును మంత్రము నుండి వేరు చేసేది ఏమిటి? ఈ ప్రశ్నకు నాకు కొంత వెలుగు మాయలతో నిండిన కల్పిత కథలలో దొరికింది. ఒకప్పుడు యౌవనస్థుల కూటములలో అటువంటి కథలు చదవవద్దని ప్రసంగించినవాడినే గనుక, ఈ మాట కొంత సిగ్గుతోనే వ్రాస్తున్నాను.

ముందుగా మన ఇంటి కథ. 1951లో విజయా వారు తీసిన ‘పాతాళభైరవి’ నిర్మాతలలో ఒకరైన బి. నాగిరెడ్డిగారు కడప జిల్లా వారు. వారి అన్న బి.ఎన్. రెడ్డిగారు పుట్టింది పులివెందుల తాలూకా కొత్తపల్లిలో. కె.వి. రెడ్డి దర్శకత్వంలోని ఈ చిత్రాన్ని మాయల గారడీగా కొట్టిపారేయడం తేలిక. కాని జాగ్రత్తగా చూస్తే అందులోని మాయకు ఒక కట్టుబాటు ఉంది. నేపాళ మాంత్రికుడు దేవతను ప్రేమించడు, సేవించడు. సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇస్తే కోరినవన్నీ ఇచ్చే ప్రతిమ చేతికి వస్తుందని లెక్క వేసుకుంటాడు. ఇంత పెడితే ఇంత వస్తుందన్నట్టు, అతనికి అది ఒక యంత్రం. ఆ యంత్రంలో ఇంధనం తోటరాముడు. బలి కావలసినది ఎప్పుడూ ఇతరుల బిడ్డే.

అయితే చిత్రం ఈ ప్రశ్నను చివరిదాకా మోయలేదు. రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి అదే ప్రతిమను తీసుకుంటాడు. మేడ, ధనము అన్నీ దానితోనే వస్తాయి. యంత్రం మారలేదు, దానిని నడిపే చెయ్యి మాత్రమే మారింది. కథానాయకుడు మంచివాడు గనుక మనం చప్పట్లు కొడతాం. వైద్యం సంగతి ఇంకా గమనించదగినది. చచ్చిన మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజపుడు మూలికతో బ్రతికిస్తాడు. మూలికకు మంచి చెడ్డలు తెలియవు, పెన్సిలిన్‌కు తెలియనట్లే. ఈ చిన్న ఘట్టంలో కథ చాలా నిజం చెప్పిందని నా అభిప్రాయం. స్వస్థత కలిగినంత మాత్రాన స్వస్థత పొందినవాడు నీతిమంతుడని ఋజువు కాదు. ఇచ్చినవాడు దైవజనుడనీ ఋజువు కాదు. మన స్వస్థత కూటములలో ఈ మాట ఎంతమంది చెబుతున్నారు?

తెరమీద ఆ మాయను నిలబెట్టింది మార్కస్ బార్ట్లీ కెమెరా. కంప్యూటర్లు లేని కాలంలో కటకాల లెక్కతో, వెలుతురు లెక్కతో చేసిన పని అది. అదే నాగిరెడ్డిగారు 1972లో మద్రాసు వడపళనిలో విజయా హాస్పిటల్ స్థాపించారు. మాయ ఎంతవరకో తెరమీద చూపించినవారికి బాగా తెలుసు!

ఇప్పుడు రెండవ కథ. సి.ఎస్. లూయిస్ 1950లో ప్రచురించిన మొదటి నార్నియా నవలలో లూసీ అనే చిన్న పిల్లకు ఒక చిన్న సీసాడు ఔషధం కానుకగా వస్తుంది. సూర్యుని పర్వతాలలో పూసే అగ్నిపుష్పాల రసం అది. యుద్ధంలో గాయపడిన అన్న నోట్లో కొన్ని చుక్కలు వేసి, కళ్లు తెరుస్తాడా లేదా అని ఆమె అక్కడే నిలబడుతుంది. మిగతావారు కూడా చావు అంచున ఉన్నారని సింహమైన అస్లాన్ ఆమెను మందలిస్తాడు. ఏ క్యాజువాలిటీ వార్డు నర్సును అడిగినా ఈ సన్నివేశం అర్థమవుతుంది. ఔషధం అద్భుతమైనదే, కాని అది కొద్దిగానే ఉంది, ఇతరుల కోసం ఉంది, తాను సంపాదించినది కాదు. మంత్రమునకు వరమునకు తేడా ఇక్కడ నాకు స్పష్టమైంది: మంత్రగాడు ఇతరులను ఖర్చు పెడతాడు, వరము పొందినవాడు తానే ఖర్చవుతాడు.

1943లో వచ్చిన ‘ది అబాలిషన్ ఆఫ్ మ్యాన్’లో లూయిస్, మంత్రవిద్యను, ప్రకృతిని లొంగదీసే విజ్ఞానాన్ని కవలలుగా వర్ణిస్తాడు. ఒకటి బ్రతికింది, మరొకటి చచ్చింది. కోరిక మాత్రం ఒకటే. 1955 నాటి ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’లో ఆండ్రూ మామ సగం మాంత్రికుడు, సగం శాస్త్రవేత్త. గినీ పందులపై ప్రయోగించి, తరువాత పొరుగింటి పాపను తెలియని లోకానికి పంపుతాడు. తాను మాత్రం వెళ్లడు. నేపాళ మాంత్రికునికి సొంత తమ్ముడే! అయితే విజ్ఞానమంతటినీ ఈ గాటన కట్టడం లూయిస్ ఉద్దేశం కాదు, నాదీ కాదు. పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారపు వ్యర్థాల చెరువు వల్ల తమ బోరు నీళ్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులు 2018 నాటికే ఫిర్యాదు చేశారు. అక్కడ అడగవలసిన ప్రశ్న యురేనియం దైవికమా సైతానుదా అని కాదు. ఎవరి నీళ్లు బలి అవుతున్నాయి అని.

ఇక మన సంగతి. స్కెవ కుమారులు యేసు నామాన్ని మంత్రంగా వాడబోయి గాయాలతో పారిపోయారు (అపొ. కా. 19:13–16). కొన్ని సంవత్సరాల క్రితం ఒక స్వస్థత కూటములో నేను వేదికమీద ఉన్నాను. ప్రసంగీకుడు, విశ్వాసముంటే మాత్రలు పారవేయమన్నాడు. నేను నోరు మెదపలేదు. మా సంఘపు తల్లి ఒకామె చక్కెర వ్యాధి మాత్రలు మానేసింది. “నమ్మినాక ఇంగ మాత్రలెందుకు అయ్యగారూ?” అని నన్నే అడిగింది. ఆమె కాలి వేళ్లు రెండు తీసివేసిన తరువాత గాని నాకు మాట రాలేదు. ఆ వేదికమీద ఇతరుల శరీరాన్ని ఖర్చు పెట్టినవారిలో నేనూ ఒకణ్ణి. యెషయా హిజ్కియాకు ప్రార్థనతో పాటు అంజూరపు పండ్ల ముద్ద కూడా పుండుమీద కట్టించాడు (2 రాజులు 20:7). 19వ శతాబ్దం చివర జమ్మలమడుగుకు వచ్చిన లండన్ మిషన్ వైద్యుడు క్యాంప్‌బెల్ గారి పేరు మోస్తున్న ఆసుపత్రి గేటు ముందు నుండే మనలో చాలామందిమి ఉజ్జీవ కూటములకు వెళ్తుంటాము.

లూయిస్‌తో నాకు ఒక పేచీ ఉంది. 1955 నవలలో డిగరీ అనే బాలుని తల్లి మరణశయ్యపై ఉంది. ఆపిల్ పండు దొంగిలించి తల్లికి ఇమ్మని మంత్రగత్తె ప్రేరేపిస్తుంది, అతడు లొంగడు. తరువాత అస్లానే పండు ఇస్తాడు, తల్లి బాగుపడుతుంది. లూయిస్ సొంత తల్లి 1908లో క్యాన్సరుతో మరణించింది. అప్పటికి అతనికి తొమ్మిదేళ్లు. తనకు దొరకని పండును కథలో ఇచ్చుకున్నాడు. తప్పు పట్టను. కాని లోబడినవానికి పండు దొరికి తీరుతుందని చదివే విద్యార్థికి అనిపిస్తే, మళ్లీ మాత్రలు పారవేసే వేదిక దగ్గరికే వస్తాము. ఆ పండుకు ముందు ఇంకొక పుట ఉంది. డిగరీ తల యెత్తి చూస్తే అస్లాన్ కళ్లలో తన కన్నీళ్లకంటె పెద్ద కన్నీళ్లు కనబడతాయి. ఇంటికి మందు లేకుండానే తిరిగి వచ్చిన కుటుంబాల మధ్య కూర్చున్నప్పుడు, ఆ నవలలో నేను చెప్పగలిగినది ఆ పుట ఒక్కటే.