వడపోతకు పంపు వద్దు

నీళ్లు వడగట్టమంటే ల్యాబులో అందరి చెయ్యీ ముందు వాక్యూమ్ పంపు స్విచ్ మీదికే పోతుంది. సముద్రపు నాచులోని గంధకాన్ని కొలిచేవాళ్లకు ఆ పంపే పగవాడు.

కంటికి ఆనని సముద్రపు నాచుల్లో చాలా రకాలు ఉప్పునీటిని తట్టుకోడానికి డీఎంఎస్‌పీ అనే గంధక పదార్థాన్ని ఒంట్లో దాచుకుంటాయి. నాచు నిబ్బరంగా ఉన్నంతసేపూ అందులో ఎక్కువ భాగం లోపలే. ఏకకణ జీవులో, కోపిపాడ్లనే చిట్టి రొయ్యజాతి ప్రాణులో ఆ నాచును మేసి కణాన్ని చితక్కొట్టాక కథ మారుతుంది. ఉల్లిపాయ కోసినప్పటి తంతే: అంతవరకూ విడివిడిగా ఉన్న ఎంజైమూ గంధకమూ కలుసుకుని డీఎంఎస్ అనే వాయువు పుడుతుంది. తీరంలో ముక్కుకు తగిలే సముద్రపు వాసనలో దానికీ వాటా ఉంది. మేత పడ్డచోట ఈ వాయువు బాగా పెరుగుతుందని 1986లో డేసీ, వేకమ్ చూపారు. 1997లో వోల్ఫ్ బృందం ఇంకో మెలిక బయటపెట్టింది: ఈ ఎంజైము జోరుగా ఉన్న నాచును, వేరే మేత దొరికితే, ఏకకణ జీవులు పక్కన పెడతాయి.

ఇక పంపు సంగతి. దాని లాగుడికి వడపోత కాగితం మీద నాచు చితికి, లోపలిది నీళ్లలోకి కారుతుంది. అప్పుడు లెక్కకెక్కేది పంపు మేసిన మేత. 2006లో కీన్, స్లెజాక్ కాసిని నీళ్లే తీసుకుని, వాటంతట అవే బొట్టుబొట్టుగా దిగనిచ్చారు. కరిగి ఉన్న డీఎంఎస్‌పీ అంతకుముందు అనుకున్నదానికంటే చాలా తక్కువని తేలింది.

దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మా మదనపల్లెలో ఈ గొడవెందుకంటారా? ఈ వాయువే గాల్లో సల్ఫేటు నలుసులై మబ్బు చుక్కలకు విత్తనమవుతుంది. 1987లో లవ్‌లాక్ తదితరులు నాచే మబ్బుల్ని నడిపిస్తుందన్నంత దూరం వెళ్లారు. 2011లో క్విన్, బేట్స్ అంత లేదన్నారు. అక్టోబరులో వానకోసం బంగాళాఖాతం వైపు చూసే ఊరివాణ్ని, మొదటి మాట ముద్దొస్తుంది. అయినా నా ఓటు రెండోదానికే.

మాకు సముద్రం లేదు, చెరువుంది. మంచినీటి నాచులో ఈ గంధకం దాదాపు ఉండదు గానీ, మేత చూడొచ్చు. సీలియేటు అనే ఏకకణ జీవి ఒక పచ్చటి కణాన్ని మింగితే, అద్దంలాంటి దాని ఒంట్లో ఆ పచ్చదనం మెల్లగా గోధుమరంగుకు తిరగడం మైక్రోస్కోపులో కనబడుతుంది. సీలియేట్లు మహా సుకుమారం. అందుకే నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని బక్కెట్టులోంచి సీసాలోకి నీళ్లు ఒంపనివ్వను. గొట్టంతోనే నింపాలి, దాని కొస మునిగే ఉండాలి, బుడగ రాకూడదు. సీసా నిండేసరికి విసుక్కుంటారు. విసుక్కోనీ.