ఒళ్ళు వంచని భక్తి

మన తత్వాల పుస్తకాలు తిరగేసినప్పుడల్లా నాకొక అనుమానం వస్తూ ఉంటుంది. వీళ్ళకి ఒళ్ళంటే ఇంత కోపం ఎందుకు? తోలుతిత్తి అంటారు, నీటిబుడగ అంటారు, తొమ్మిది కంతల కొంప అంటారు. ఉన్నన్నాళ్ళూ ఆ కొంపలోనే ఉంటూ, కప్పు కారుతోందనీ గోడ పెచ్చులూడుతోందనీ సణిగే అద్దెవాడి వరస. వ్యాఖ్యాతలు మరీను. మూలంలో ఒకసారి తిడితే టీకలో మూడుసార్లు తిడతారు.

అలాగని మనవాళ్ళందరూ ఒంటిని తీసిపారేశారని కాదు. కుమారసంభవంలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు, తపస్సుతో చిక్కిపోయిన పార్వతికి శరీరం సంగతే ముందు గుర్తుచేస్తాడు. పోతనగారి ప్రహ్లాదుడైతే చెయ్యినీ, నాలుకనీ, చూపునీ, తలనీ, చెవినీ ఒక్కొక్కదాన్నే పిలిచి హాజరు వేసుకుంటాడు. హరి పనికొస్తేనే అది అవయవం, లేకపోతే లేదు. ఆ పద్యం మనందరం బళ్ళో బట్టీపట్టాం, రాగం తీశాం, మార్కులు తెచ్చుకున్నాం. రాగం బాగా కుదరడంతో సంగతి జారిపోయింది కాబోలు.

ఆ సంగతి నాకు తట్టింది పోతన వల్ల కాదు, యూదుల వల్ల. వాళ్ళ ధర్మశాస్త్రంలో ఆజ్ఞలు 613. వద్దన్నవి 365, ఏడాదిలో రోజులన్ని. చెయ్యమన్నవి 248, మనిషి ఒంట్లో అవయవాలన్ని అని వాళ్ళ తల్ముద్ లెక్క. డాక్టర్లు ఈ లెక్క ఒప్పుకుంటారా అన్నది వేరే మాట. ఒక్కో అవయవానికీ ఒక్కో పని అప్పజెప్పినట్టుంది చూడండి. రొట్టె ముట్టే ముందు చేతులు కడుక్కోవడానికి ఒక పద్ధతీ, దానికొక ప్రార్థనా. దేవుణ్ణి తలుచుకునేటప్పుడు చాలామంది ముందుకీ వెనక్కీ ఊగుతారు. మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక చెప్పుకునే ప్రార్థన కూడా ఒకటుంది. నాలుగో శతాబ్దపు బాబిలోనియా పండితుడు అబయె పేర తల్ముద్‌లో కనిపిస్తుంది. మనిషి ఒంట్లో కంతలూ గొట్టాలూ ఇంత నేర్పుగా అమర్చినవాడికి దండం, వాటిలో ఏ ఒక్కటి అటూ ఇటూ అయినా మేం నిలబడలేం కదా అని దాని భావం.

ఆ కంతలే! మనవాడు చూసి ఛీ అన్నాడు, ఆయన చూసి దండం పెట్టాడు. మూత్రం బిగిసి ఒక రాత్రి ఆస్పత్రిలో గడిపినవాణ్ణి అడగండి, ఎవరిది పెద్ద తత్వమో చెబుతాడు.

యూదులెక్కడ, మనమెక్కడ అంటారేమో. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటారు. మాదిగ కుటుంబాలు. 1990ల తొలినాళ్ళ నుంచి అక్కడొక ప్రార్థనామందిరం ఉంది. వీళ్ళ గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన ఇంగ్లీషు పుస్తకం 2013లో వచ్చింది. దాని పేరులోనే కులమూ మతమూ రెండూ ఉన్నాయి. వీళ్ళెవరు, ఈ మాట చెప్పుకోవడంతో కులం ఏమవుతుంది అన్నవి పరిశోధకుల ప్రశ్నలు, న్యాయమైనవే. ఆ పుస్తకం పేరెత్తగానే మన వాళ్ళు మాత్రం ఒక్క ప్రశ్నే వేస్తారు: నిజంగా యూదులేనా అని. దస్తావేజు చూపించమన్నట్టు! నాకు ఆ ప్రశ్న కన్నా తోలు సంగతి ముఖ్యంగా తోచింది.

మాదిగ ఇంట తోలు కులవృత్తి. ఊరంతా ఆ తోలు చెప్పులు తొడుక్కుంది, ఆ తోలుబానతో మోట తోలి నీళ్ళు పారించుకుంది, ఆ డప్పు మోగనిదే దేవతని ఊరేగించలేదు. పని చేసిన చేతిని మాత్రం దూరంగా నిలబెట్టింది. యూదుల దగ్గర అదే తోలు ఏమయిందో చూడండి. మందిరంలో చదివే ధర్మశాస్త్రం తోలుచుట్ట మీదే చేత్తో రాయాలి. పొద్దుటి ప్రార్థనకి లేఖనం దాచిన నల్లటి తోలు డబ్బీలు రెండు, ఒకటి గుండెకి దగ్గరగా చేతికీ, ఒకటి నుదుటిపైనా, తోలు పట్టీలతో కట్టుకోవాలి. గొడ్డుమాంసమూ అంతే. శాస్త్రప్రకారం కోసి నెత్తురు తీసేస్తే అది నియమం తప్పని భోజనం. ఊరు ఏ కూడు చూపించి మైల అన్నదో, ఏ తోలు చూపించి దూరం అన్నదో, అవే ఇంకో లెక్కలో దేవుడి దగ్గరికి దారి. ఇది వాళ్ళ నోట పెట్టడం లేదు, నేను చదువుకున్న తీరు చెబుతున్నాను. మనసు మార్చుకోమని చెప్పే మతాలు వాడకి చాలా వచ్చాయి. ఒంటిని గౌరవించే మాట వచ్చినప్పుడు చెవి అటు తిరగడంలో వింతేముంది? ఖర్చు లేకపోలేదు. శనివారం ఒంటికి విశ్రాంతి ఇవ్వాలన్నది వాళ్ళ పెద్ద నియమం. కూలికెళ్ళే మనిషికి ఆ విశ్రాంతి ఖరీదు ఒక రోజు కూలి.

ఇక మా వైపు రండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో యాదవులు ఆడే తప్పెటగుళ్ళు మీలో చాలామంది చూసే ఉంటారు. గుండెల మీద గుండ్రటి తప్పెట, కాళ్ళకి గజ్జెలు, పది పదిహేను మంది ఒక్క దరువు మీద గంతులు. గంగమ్మ కథ నోట నడుస్తూనే ఉంటుంది, ఒకరి మీద ఒకరెక్కి గోపురంలా నిలబడతారు. తప్పెట చేతిలో ఉండదు, రొమ్ము మీద ఉంటుంది. అంచేత కొట్టిన ప్రతి దెబ్బా ముందు కొట్టినవాడికే తగులుతుంది. చిన్నప్పుడు మా వీధిలో ఒక ముసలాయన్ని, కూర్చుని పాడి వినిపించమని మా మాస్టారొకరు అడిగారు, రాసుకుందామని. "కూకుని పాడితే అమ్మోరు ఇంతాదేటి బాబూ?" అని నవ్వి లేచి నిలబడ్డాడు. మాస్టారి కాగితం తెల్లగానే ఉండిపోయింది.

తప్పెటగుళ్ళ మీద నేను చదివిన వ్యాసాల్లో చాలావాటికి ఒకటే మూస. కులం, కథ, వేషం, నాలుగు పాటలు, ఆఖర్న ఒళ్ళు గగుర్పొడిచే విన్యాసాలని ఒక వాక్యం. ఆ వాక్యం దగ్గర మొదలవాల్సిన వ్యాసం అక్కడ ఆగిపోతుంది. విన్యాసం అనగానే సర్కసు లెక్కలోకి వెళ్ళిపోతుంది. మా వీరఘట్టం మనిషి కోడి రామ్మూర్తినాయుడిగారికీ ఇదే గతి పట్టింది. ఆయన ఆపిన కార్లు లెక్కపెట్టినవాళ్ళు, ఆయన పట్టిన ప్రాణాయామాన్ని ఒక ముక్కలో తేల్చేశారు.

పైడితల్లమ్మ కథ 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో ముడిపడింది కదా. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉక్రెయిన్ వైపు బాల్ షెమ్ తోవ్ అనే యూదు గురువు, దుఃఖంతో కాదు, ఆనందంతో దేవుణ్ణి కొలవండని బోధిస్తున్నాడు. ఆయన దారిలో నడిచిన హసీదులు పాటనీ గంతునీ ప్రార్థనలో కలిపేసుకున్నారు. చదువుకున్న రబ్బీలకి మొదట అది బొత్తిగా నచ్చలేదు, ఇదేం కోతి వేషాలన్నారు. తరవాత తరవాత దాని మీద గ్రంథాలకి గ్రంథాలు వచ్చాయి. మా సిరిమాను చూడండి. విజయదశమి దాటిన మంగళవారం, పొడుగాటి చింతమాను కొసన పూజారి ఆకాశంలో కూర్చుని, చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. ఆ పూట ఆ ఒళ్ళే అమ్మవారు. పత్రికల్లో మర్నాడు మనం చదివేది జనం ఎన్ని లక్షలన్నది.

గ్రంథాల మాట దేవుడెరుగు, ఆటకైనా టైమివ్వాలి కదా. రాత్రంతా ఆడే తప్పెటగుళ్ళకి సభల్లో ఇప్పుడు పది నిమిషాలు. పది నిమిషాల్లో చెమటైనా పట్టదు. వాళ్ళు గంగమ్మని ఇంకా పిలుస్తూనే ఉంటారు, ఈలోగా ముఖ్య అతిథి శాలువా పట్టుకుని మెట్లెక్కేస్తాడు.